గొంతు ఆటోలో, మొగం గోడ మీద

హిందూపురం,
12 జూలై 2024

రఫీక్ మామకు ఆరిఫా సలాం.

ఇంట్లో అందరం బాగున్నామని మొదట రాయాలి కాబట్టి రాస్తున్నాను. నమ్మొద్దు.

పోస్టాఫీసుకు పోయి ఇన్‌లాండ్ కవర్లు అడిగితే కిటికీ వెనక ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఏమ్మా, లవ్వా?" అన్నాడు. "కాదు సార్, మా మామకు" అన్నాను. "అదే కదమ్మా నేనడిగేది" అన్నాడు. ఎమ్మెస్సీ ఫస్ట్ క్లాసులో పాసైంది ఇందుకేనా? ఇదంతా నీకు నటన నేర్పే అమర్‌నాథ్ గురూజీ చలవ. గొంతు ఎక్కువ వాడేవాడికి మొగం సోమరి అయిపోతుందనీ, మూడు నెలలు నోరు మూసుకుంటే మొగం దానంతటదే నటిస్తుందనీ ఆయన చెప్పడం, నువ్వు నమ్మడం, ఆయన నీ సెల్లును బీరువాలో పెట్టి బీగం వేయడం! డబ్బింగులో నలుగురు విలన్లకు గొంతిచ్చినవాడివి, ఒక్క మనిషికి ఎదురు చెప్పలేకపోయినావు.

సంగతికి వస్తాను. అవ్వ కన్ను. కుడిది ఎప్పుడో పోయింది. ఎడమదాంట్లో శుక్లం బాగా ముదిరింది, ఇంకా ఆగితే కష్టమని డాక్టరు చెప్పినాడు. ఈ నెల ముప్పైన పెనుకొండలో కంటి క్యాంపు. పేరు రాయించి వచ్చినాను. మీ అమ్మ మంచం దిగనంటోంది.

"నా కొడుకు టీవీలో కనపడతాడని ఎన్నేండ్ల నుంచి చెప్తాండారు. ఆ దినమేదో చెప్పండి, ముందు పొద్దే కోపిచ్చుకుంటా. అంతవరకూ ఈ మొగాలు చూసేదానికి నాకెందుకు కండ్లు?" అని మా నాయన పక్కకు తిరిగి అనింది. నాయన పరుపులోకి దూది కూరుతూ ఉండినాడు. ఇంకో రెండు పిడికెళ్లు ఎక్కువ కూరినాడు.

అవ్వకు ఇప్పుడు నువ్వంటే పొద్దున పదిగంటల మనిషివి. ధర్మవరం వెంకటేశులన్న పట్టుచీరల అంగడి ప్రచారం ఆటో మన వీధిలోంచే బయలుదేరుతుంది కదా. ఆరేండ్ల కిందట నువ్వు చెప్పిందే ఇంకా తిప్పుతున్నాడు: "అక్కల్లారా, పెద్దమ్మల్లారా! పెండ్లి మీ ఇంట్లో, పట్టు మా అంగట్లో!" అవ్వ గోడ పట్టుకోని వాకిట్లోకి వచ్చి నిలబడుతుంది. ఆటో మలుపు తిరిగినాక, "ఈ పొద్దు కొంచిం జలుబు చేసినట్టుండాది వానికి" అంటుంది. మైకులో దుమ్మని నేను చెప్పను.

ఇప్పటిదాకా తెర మీద నీ సంపాదన ఇది: ఒక సినిమాలో కోర్టు సీను, నీ వీపు. ఇంకొకదాంట్లో పెండ్లి భోజనాలు, నీ కుడిచెయ్యి, అప్పడంతో సహా. ముప్పై లోపల మొగం కనపడే పని ఏదన్నా ఉంటే దినం, గంట, ఛానలు రాయి. లేకుంటే లేదని రాయి. అబద్ధం మాత్రం వద్దు. అవ్వకు చదివి వినిపించేది నేను, నా గొంతులో దొరికిపోతుంది.

ఆరిఫా


హైదరాబాద్,
19 జూలై 2024

హిందూపురం వాస్తవ్యురాలు, ముద్దుల మేనకోడలు ఆరిఫాకు, మహానగరం నుండి మీ రఫీక్ శుభాకాంక్షలు!

మీరు ఎదురుచూస్తున్న ఆ శుభవార్త వచ్చేసింది! ఆగస్టు ఐదు, సోమవారం, సాయంత్రం ఏడున్నర గంటలకు, సరికొత్త ధారావాహిక 'ఏడు గడపల కోడలు'లో మీ మామ ఇంటిపెద్ద! అవును, ఇంటిపెద్ద! హీరోయిన్‌కు తండ్రి. నాకు ముప్పైతొమ్మిది, ఆమెకు ముప్పైరెండు కదా అని లెక్కలు తీయకు, కళకు వయసు లేదు.

హాలు మధ్యలో నా స్థానం. ఇంట్లో ఎవరు బయటికి వెళ్ళాలన్నా నాకు దండం పెట్టి వెళ్ళాలి. హీరోయిన్ కష్టమొచ్చిన ప్రతిసారీ నా ఎదుటికే వచ్చి ఏడుస్తుంది. ఆమెకు వారానికి ఆరు రోజులు కష్టం వస్తుంది. దుర్మార్గురాలైన అత్త సైతం నా కళ్ళలోకి చూడలేక తల తిప్పుకుంటుంది.

మాటలు లేవు. అంతా చూపులోనే. గురూజీ నా భుజం తట్టి, "రఫీక్, నువ్వు నోరు తెరిస్తే ఈ పాత్ర నిలవదు" అన్నారు. నా పని అరగంటలో అయిపోయింది. ఎంత పక్కాగా వచ్చిందంటే, మళ్ళీ రావలసిన అవసరమే లేదన్నారు!

కనుక ఆలసించవద్దు, అమ్మను పెనుకొండకు తీసుకెళ్ళండి.

ఇట్లు,
ఇంటిపెద్ద రఫీక్


హిందూపురం,
2 ఆగస్టు 2024

మామా, సలాం.

ఆపరేషను అయింది. కన్ను బాగుంది. ముందు ఈ రెండు మాటలు చదువుకో, తర్వాత కూర్చో.

నీ ఉత్తరం చదివిన పొద్దు అవ్వ తనే తన పచ్చచీర తీసి పెట్టుకుంది. అమ్మా, నాయనా, నేనూ, అవ్వా సోమందేపల్లి మీదుగా బస్సులో పోయినాము. దోవలో ప్రతి స్టాపులో ఎక్కిన ప్రతి ఆడమనిషికీ, "నా కొడుకు టీవీలో ఇంటిపెద్ద. అది చూసేదానికి కన్ను కోపిచ్చుకునేకి పోతాండా" అని చెప్పింది. పెనుకొండలో దిగేసరికి బస్సులో సగంమంది మన చుట్టాలైపోయినారు.

డాక్టరు నలభై దినాలు జాగ్రత్త చెప్పినాడు. వంగకూడదు, తలకు పోసుకోకూడదు, పొయ్యి ముందు కూర్చోకూడదు. అన్నింటికంటే ముఖ్యం, ఏడవకూడదు. ఉన్నది ఒక్క కన్నే, కుట్టు లేకుండా చేసినాము, ఒత్తిడి పడితే మా చేతిలో లేదన్నాడు.

"నవ్వచ్చునా?" అనింది అవ్వ.

"నిదానంగా నవ్వమ్మా."

"మా అల్లుడు ఇంట్లో ఉన్నప్పుడు ఆ భయం లేదులే" అనింది. నాయన మందుల చీటీ పట్టుకోని పక్కనే ఉండినాడు.

పక్కింటి నాగేంద్రమ్మక్క సోమవారం అందరూ మా ఇంట్లోనే చూడాలని వీధంతా చెప్పి వచ్చింది. నాకు మాత్రం ఒక అనుమానం ఉంది మామా. దినామూ కనపడే మనిషికి అరగంట షూటింగేంది?

ఆరిఫా


హైదరాబాద్,
5 ఆగస్టు 2024, మధ్యాహ్నం

అత్యవసర ప్రకటన! అత్యవసర ప్రకటన!

ఆరిఫా, నీ ఉత్తరం ఇప్పుడే అందింది. ఏడవకూడదని డాక్టరు చెప్పిన సంగతి నాకు ముందే ఎందుకు చెప్పలేదు? అమ్మను నలభై రోజులు టీవీ ముందు కూర్చోబెట్టవద్దు. కరెంటు పోయిందని చెప్పు. టీవీ కాలిపోయిందని చెప్పు. అవసరమైతే నిజంగానే కాల్చు. కారణం తర్వాత రాస్తాను.

ఈ సాయంత్రం ఏడున్నరలోగా నీకు చేరాలని స్పీడ్ పోస్టులో వేస్తున్నాను.

రఫీక్


హిందూపురం,
6 ఆగస్టు 2024

మామా,

సలాం చెప్పాలో, ఇంకేమన్నా చెప్పాలో తెలీక ఉత్తగా మొదలుపెడుతున్నాను.

నిన్న ఏడుంపావుకే ఇల్లు నిండిపోయింది. నాగేంద్రమ్మక్క బొరుగులు కలిపి తెచ్చింది. అవ్వ నల్లద్దాలు పెట్టుకోని ముందువరస కుర్చీలో కూర్చుంది. నాయన ముందరింట్లోని పరుపుల అంగడి మూసి వచ్చి వెనక నిలబడినాడు. నీకోసం ఆయన అంగడి మూయడం నా ఎరుకలో ఇదే మొదటిసారి.

పాట అయింది. ముగ్గు, గడప, హీరోయిన్ పాదాలు, అత్త కండ్లు. తర్వాత హాలు. హాల్లో గోడ. గోడ మీద నువ్వు.

ఫోటోలో. కోటు వేసుకోని. ఫ్రేముకు ఎర్రగులాబీల దండ, అద్దం మీద కుంకుమబొట్టు, కింద దీపం. హీరోయిన్ వచ్చి, "నాన్నా, ఈ ఇంట్లో నా బాధ ఎవరికి చెప్పుకోను నాన్నా!" అని మొదలుపెట్టింది.

బొరుగులు నమిలే శబ్దం ఆగిపోయింది. నాగేంద్రమ్మక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకోని, "అయ్యో రఫీకూ! ఎప్పుడయ్యా? మాకు చెప్పనే లేదే!" అని గొల్లుమనబోయింది. నేను ఆమె కాలు తొక్కినాను. బలంగా తొక్కినాను. అమ్మ నిన్ను తిట్టడానికి నోరు తెరిచి, డాక్టరు గుర్తొచ్చి మూసుకుంది. అందరం అవ్వను చూస్తున్నాము. నల్లద్దాల వెనక ఏముందో కనపడదు.

అవ్వ లేచి, టీవీ దగ్గరికి పోయి, మొగం ఆనించి చూసింది. చూసి, చూసి, తిరిగి నిలబడింది.

"నాకు చెప్పకుండా పెండ్లి చేసుకున్నాడు ఎదవ!"

ఎవరికీ అర్థం కాలేదు. ఆమే చెప్పింది. "వాడు ఇంకా సీనులోకి రాలేదు, ఫోటోనే చూపిచ్చినారు. సరే. అయితే ఆ ఫోటో యాడిది? కోటు ఏసుకోని, మెడలో పూలదండ ఏసుకోని మనోడు యాడ ఫోటో దిగుతాడు, పెండ్లిలో కాకుంటే? సీరియలోళ్లు అది తెచ్చి తగిలిచ్చినారు. తల్లిని పిలిచేకి మాత్రం వానికి తీరలేదు!"

పక్కిండ్లల్లో ఫోటోలకు దండలుంటే అర్థమేందో అవ్వకు తెలీక కాదు. మన ఇండ్లల్లో ఆ అలవాటు లేదు, మనకు మెడలో దండంటే నిఖానే. పైగా పొర తీసిన కంటికి ఫ్రేము మీది దండ, ఫోటోలోని దండ ఒకటే. అంతకంటే పెద్ద కారణం, నువ్వు పోయినావనే మాట ఆమె బుర్రలోకి రానే రాదు. దినామూ పదిగంటలకు వీధిలో అరుస్తావు కదా.

ఏడవలేదు. కోపంతో రెండు చపాతీలు ఎక్కువ తినింది. నలభై దినాలూ నువ్వు పెండ్లికొడుకువే అని మేము ముగ్గురం వంటింట్లో తీర్మానం చేసినాము. నాయన ఒక్కమాట అన్నాడు: "అరగంట షూటింగ్ అన్నాడు కదా. అరగంట ఎందుకు పట్టింది?"

ఆరిఫా


హైదరాబాద్,
12 ఆగస్టు 2024

ఆరిఫాకు, రఫీక్ నుండి.

మీ నాన్నకు చెప్పు: కోటు సరిపోలేదు, వెనక పిన్నులు పెట్టడానికే ఇరవై నిమిషాలు పట్టింది.

నేను అబద్ధం రాయలేదు. మళ్ళీ చదువుకో, ఒక్క మాట తప్పు లేదు. పది మంది ఫోటోలు తెప్పించి అందులో నన్ను ఎంచుకున్నారు. చనిపోయినా కూతురి కష్టం చూస్తున్నట్టు ఉండాలి, అలాగని భయపెట్టకూడదు. అది అందరివల్లా అయ్యే పనా? హీరోయిన్‌ను మార్చవచ్చు, అత్తను మార్చవచ్చు, గోడను మార్చరు.

అమ్మ పెళ్ళి అనుకుంటే అనుకోనీ. కోడలి పేరు అడిగితే ఏదో ఒకటి చెప్పు. గులాబీలు మాత్రం రోజూ కొత్తవే పెడుతున్నారని చెప్పు, సంతోషిస్తుంది.

ఫోటోలో నా చూపు గురించి ఎవరైనా ఏమైనా అన్నారా?

రఫీక్


హిందూపురం,
23 ఆగస్టు 2024

మామా, సలాం.

నీ స్పీడ్ పోస్టు మూడు దినాల తర్వాత వచ్చింది. టీవీ కాల్చలేదు.

నీ చూపు గురించి ఒకాయన అన్నాడు. ధర్మవరం వెంకటేశులన్న. పోయిన వారం ఆయనే ఆటో ఎక్కి మన ఇంటికొచ్చి, చెప్పులు బయట విడిచి, తల వంచుకోని నిలబడినాడు. "ఏమప్పా దాదాపీరూ, ఎంత పని జరిగె! మా ఇంట్లో ఆడోళ్లు దినామూ చూస్తాండారు. ఆ చూపు చూస్తే మాకే కడుపు తరుక్కుపోతాండాది" అని నాయనతో అన్నాడు. నాయన ఆయన్ను పరుపుల మధ్యకు తీసుకుపోయి, నువ్వు బతికే ఉన్నావని చెవిలో చెప్పినాడు.

"బతికుంటే సంతోషమే. కానీ ఊరంతా దండ చూసినారు కదా" అన్నాడు వెంకటేశులన్న. "ముహూర్తం చీరలు కొనేకి వచ్చేవాళ్లు, పోయినాయన గొంతు పిలుస్తాంటే అంగడి మెట్లు ఎట్లెక్కుతారు? రొద్దం నుంచి వచ్చిన పెండ్లోళ్లు ఆటో చూసి వెనక్కి తిరిగిపాయిరి. వాడు మనిషిగా వచ్చి, నలుగురికీ కనపడి, ఆ నోటితోనే చెప్పాల. అంతవరకూ ఆ గొంతు వద్దప్పా."

అంతే మామా. నీ మొగం గోడెక్కి పద్దెనిమిది దినాలు కాలేదు, అది నీ గొంతును మింగేసింది. ఇప్పుడు ఆటోలో కంప్యూటరు గొంతు వస్తుంది. "పట్టు" అనాల్సిన చోట అన్నం పెట్టమన్నట్టు "పెట్టు" అంటుంది.

అవ్వ పదిగంటలకు వాకిట్లోకి పోయింది. విని, లోపలికొచ్చి, "వాడు ఏడి?" అనింది. కొత్త పెండ్లికొడుకు కదా, సెలవు పెట్టినాడని అమ్మ చెప్పింది. మరుసటి దినం మళ్లీ పోయింది. దినామూ పోతోంది. ఇప్పుడు గోడ పట్టుకునే పని లేదు, తిన్నగా నడుచుకుంటూ పోతుంది, అంతే తేడా. సాయంత్రం సీరియల్ చూసి, "ఈ పొద్దు కూడా ఇంటికి రాలేదు వీడు, ఆ యమ్మి ఏడ్చీ ఏడ్చీ చస్తాండాది" అంటుంది. కోడలికని తన పెండ్లినాటి చీర ఎండలో ఆరవేసింది. శుక్లం ఉన్నప్పుడు ఆమె కొడుకు దినామూ వచ్చిపోయేవాడు. చూపు వచ్చినాక రావడం లేదు.

నాకు అబద్ధాలు అయిపోతున్నాయి. నిన్న ఆమె కన్ను ఎర్రబడింది. చుక్కలమందు వేసినాను, తగ్గింది. ఏడ్చినావా అంటే, లేదంది. నువ్వు రావాలి.

ఆరిఫా


హైదరాబాద్,
29 ఆగస్టు 2024

ఆరిఫా,

రావడం అంత సులభం కాదు. నా పరిస్థితి అర్థం చేసుకో. ప్రొడక్షన్ మేనేజరు నాతో సంతకం పెట్టించుకున్నారు: ధారావాహిక నడిచినంతకాలం నేను బయట ఎవరికీ కనపడకూడదు. పోయినవాడు బస్టాండులో టీ తాగుతూ కనపడితే హీరోయిన్ ఏడుపుకు విలువ ఉండదట. కూరగాయలకు కూడా మాస్కు పెట్టుకుని వెళుతున్నాను.

పైగా ఫ్లాష్‌బ్యాక్ ఉంది. నూరో ఎపిసోడ్‌లో ఉండవచ్చట. నేను కదులుతాను! కూతురిని సైకిల్ మీద ఎక్కించుకుంటాను! గురూజీ కూడా ఇంకో నెల మౌనం పాటిస్తే మొగం పూర్తిగా విచ్చుకుంటుందన్నారు. ఇప్పుడు వస్తే అన్నీ పోతాయి. ఇరవై ఏళ్ళుగా గొంతు ఒకచోట, నేను ఒకచోట బతికాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మొగంతో

ఆరిఫా, అమ్మ నిజంగానే పదింటికి వాకిట్లో నిలబడతాండాదా?

రఫీక్


హిందూపురం,
16 సెప్టెంబరు 2024

మామా, సలాం.

నీ సెల్లు నీ చేతికి వచ్చినందుకు సంతోషం. అయినా ఇది ఉత్తరమే రాస్తున్నాను. ఫోన్లో మాట్లాడింది ట్రంకులో దాచుకోలేమని అవ్వ అంటోంది. పోస్టాఫీసు ఆయన ఇప్పుడు అడక్కుండానే కవరు తీసి ఇస్తున్నాడు.

తొమ్మిదో తేదీ నువ్వు ఆటోలో మైకు పట్టుకోని ముందుకు చూస్తూ వచ్చినావు కాబట్టి, నువ్వు చూడనిది రాస్తాను. నలభై ఒకటో దినం. అవ్వ వాకిట్లో ఉంది. మలుపు దగ్గర "అక్కల్లారా, పెద్దమ్మల్లారా" వినపడింది. రికార్డు కాదు, మధ్యలో దగ్గు. అవ్వ గబుక్కున కండ్లు మూసుకుంది. నేను భయపడి, "ఏమైందవ్వా, నొప్పా?" అన్నాను.

"ఉండు మే. వాడేనా అని చూస్తాండా" అనింది, కండ్లు మూసుకునే.

"పెండ్లి మీ ఇంట్లో" అయిపోయి "పట్టు మా అంగట్లో" వచ్చేదాకా అట్లే నిలబడి, తర్వాత కన్ను తెరిచింది. అప్పుడు నువ్వు దిగినావు. ఆమె నిన్ను దాటి ఆటో లోపలికి చూసి, "కోడలు యాడ?" అని అడిగింది, అప్పుడు నువ్వే పెండ్లి కాదని ఆ ఫోటో సంగతంతా చెప్పుకున్నావు కదా. చెప్పినాక ఆమె నన్ను, "నలభై దినాలు అయిపోయినాయా?" అని అడగడం, నేను నిన్నటికి అయిపోయినాయనడం, "అయితే ఇప్పుడు ఏడుస్తా, ఎవురూ అడ్డం రావద్దండి" అనడం నువ్వూ చూసినావు. నువ్వు చూడంది ఒకటుంది. నాయన అప్పుడు పరుపుల వెనక ఉండినాడు, దూది దుమ్ము కండ్లలో పడిందంటాడు.

నువ్వు వెంకటేశులన్న అంగడి మెట్ల మీద నిలబడి కేక వేసింది ఎవరో వీడియో తీసి, 'పోయిన నాన్న పట్టుచీరలు అమ్ముతున్నాడు' అని పెట్టినారు. ప్రొడక్షన్‌వాళ్లు నిన్ను తీసేసినారని ఫోన్లో చెప్పినప్పుడు నీ గొంతు నిజంగానే జలుబు చేసినట్టుంది. వెంకటేశులన్న మాత్రం పాత రికార్డు మళ్లీ వేయించినాడు. చచ్చి బతికినవాడి గొంతు కాబట్టి పెండ్లికి మరీ మంచిదని ఇప్పుడు ఊరంతా చెప్తున్నాడు. రొద్దం వాళ్లు తిరిగొచ్చినారు.

మొన్న శుక్రవారం సీరియల్ చూసినాము. గోడ మీద వేరే ఆయన ఉన్నాడు. సన్నగా, మీసాలతో. అదే ఫ్రేము, అదే కోటు. హీరోయిన్ ఏమీ తడబడలేదు, నిన్నటి ఏడుపు యాడ ఆపిందో ఆడినుంచే మొదలుపెట్టింది. నాగేంద్రమ్మక్క కండ్లు తుడుచుకుంటూ, "పాపం, ఆ తండ్రి ఉండింటే" అనింది. నీకోసం గొల్లుమనబోయిన మనిషే మామా, తేడా కనుక్కోలేదు. రెండు కండ్లూ బాగున్న వాళ్లం అంతమందిమి కూర్చోని ఉంటే, కనుక్కుంది అవ్వ ఒక్కతే.

చానాసేపు చూసింది. నవ్వుతుందనుకున్నాను. "ఎవురి బిడ్డో. బతికే ఉండాడని వాళ్లమ్మకు ఎవురన్నా చెప్పినారో లేదో" అనింది. "ఆరిఫా, ఒక కార్డు తే."

"అడ్రసు తెలీదే అవ్వా."

"మీ మామకు పంపు. కనుక్కోని ఏస్తాడు. ఆ మాత్రం పనికొస్తాడు."

కార్డు ఇందులోనే పెట్టినాను. ఆమె చెప్పింది చెప్పినట్టు రాసినాను. వాళ్లమ్మ పేరూ ఊరూ కనుక్కోని, రాసి, డబ్బాలో వేయి.

ఆరిఫా

(కార్డు)

అమ్మా,
మీ పిల్లోడు బాగుండాడు. ఆ దండ ఉత్తదే. ఏడవద్దు, కండ్లకు మంచిది కాదు.
రఫీక్ వాళ్లమ్మ, హిందూపురం.